ముప్పై ఎనిమిదికి పలికిన గొంతు

హాజరు పిలుస్తున్నప్పుడు ఆమె కుడిచెయ్యి భుజం దాకా లేచేది. అంతకు మించి లేచేది కాదు. అక్కడ ఒక్క క్షణం ఆగి, వెంట్రుకలు సర్దుకోవడానికే లేచినట్టు వాటిని చెవి వెనక్కి తోసి దిగిపోయేది. ఆ తర్వాత గొంతు సవరించుకుని "ప్రెజెంట్ సార్" అనేది.

సారు చూసేవారు కాదు. ఆయన చూపు మందగించి చాలాకాలమైంది. ముక్కు రిజిస్టరుకు ఆనించి నంబర్లు చదివేవారు. అరవై నాలుగు నంబర్లు. గొంతు వినబడితే టిక్కు, వినబడకపోతే సున్నా. మొదటి పీరియడు హాజరే ఆ రోజంతటికీ హాజరు. వరసగా ఏడు సున్నాలు పడితే ఆఫీసు గుమాస్తా ఇంటికి కార్డు పంపేవాడు. అచ్చేసిన కార్డు. పేరూ తేదీ నింపితే చాలు. ఆ కార్డంటే అందరికీ భయం, ఒక్కరికి తప్ప. ఆ సంగతి తర్వాత గానీ తెలియలేదు.

ఆమె నంబరు ముప్పై ఏడు.

వాళ్ళమ్మ ఒక పెద్ద లాండ్రీలో దుప్పట్ల మూలలకు ఎర్రదారంతో నంబర్లు కుట్టేది. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళవి, హాస్టళ్ళవి. ఉతికాక ఎవరివి వాళ్ళకు చేరాలంటే ఆ నంబరే ఆధారం. నాన్న అదే లాండ్రీలో బాయిలరు చూసేవాడు. అన్నయ్య మూటలు చేరవేసేవాడు. యంత్రాల హోరుకు అలవాటుపడి ఇంట్లో ముగ్గురూ గట్టిగా మాట్లాడేవారు. ఆమె ఒక్కతే మెల్లగా మాట్లాడేది. "నీ మాట వినాలంటే చెవులు కాదే, కళ్ళద్దాలు కావాలి" అనేది వాళ్ళమ్మ.

యూనివర్సిటీ హాస్టలు గదిలో ఆమెతో పాటు ఇద్దరుండేవారు. ఇద్దరూ అక్కచెల్లెళ్ళ పిల్లలు. చెడ్డవాళ్ళు కారు. పడుకునే ముందు "లైటు తీసేయమంటావా?" అని ఆమెను అడిగేవారు. రోజు మొత్తం మీద ఆమెను ఎవరైనా అడిగే ప్రశ్న అదొక్కటే. భోజనాల హాల్లో ఆమె బల్ల చివర కూర్చునేది. అప్పుడప్పుడు ఎవరో ఒకరు వచ్చి, "ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" అని ఎదుటి కుర్చీ చూపించేవారు. లేరంటే ఆ కుర్చీ ఎత్తుకుని వేరే బల్ల దగ్గరికి పోయేవారు.

ఆదివారం పొద్దున మెట్ల కింది ఫోను దగ్గర నిలబడేది. లాండ్రీ ఆఫీసు నుంచి వాళ్ళమ్మ మాట్లాడేది.

"తింటున్నావా?"

"తింటున్నా."

"ఎవరితో?"

"ఉన్నారమ్మా."

"ఉన్నారంటే? ఆ ఉన్నవాళ్ళకి పేర్లు లేవా?"

హాజరు పట్టీలో తన తర్వాతి నంబరు గుర్తొచ్చింది.

"ముప్పై ఎనిమిది అమ్మా. నా పక్క నంబరు."

"పేరడిగితే నంబరు చెప్తావేమే? లాండ్రీ పిల్లవనిపించావు." వాళ్ళమ్మ నవ్వింది. ఫోను పెట్టేశాక కూడా ఆ నవ్వు ఆమె చెవిలో కాసేపు ఉంది. ఆ నవ్వులో నిశ్చింత ఉంది. అది తను అబద్ధమాడి తెచ్చిన నిశ్చింత.

మూడు వారాలకు అన్నయ్య చేత ఒక పొట్లం వచ్చింది. చిరిగిన దుప్పట్ల గట్టి అంచులతో కుట్టిన రెండు సంచులు. ఒకదాని మూల ఎర్రదారంతో 37. రెండోదాని మీద 38.

"నీ స్నేహితురాలికి ఇవ్వమంది అమ్మ" అన్నాడు అన్నయ్య. "ఏదీ, ఒకసారి చూపించు. మా చెల్లిని భరిస్తున్నందుకు దండం పెట్టి పోతాను."

"ఇవాళ రాలేదు" అంది ఆమె.

నిజానికి ముప్పై ఎనిమిది ఆ రోజు వచ్చింది. అన్నాచెల్లెళ్ళు నిలబడ్డ గేటు పక్క నుంచే కుడివైపుకు వెళ్ళిపోయింది. పొడుగ్గా ఉండేది ఆ అమ్మాయి. ఎండైనా వానైనా మగవాళ్ళ నల్లగొడుగు ఒకటి పట్టుకుని వచ్చేది. క్లాసులో అందరూ గొడుగుపిల్ల అనేవారు. ఎవరితోనూ కలిసేది కాదు. బయట ఎక్కడో గది తీసుకుని ఉంటుందని మాత్రం తెలుసు. ఆమె 38 సంచిని పెట్టె అడుగున పెట్టింది. ఇవ్వాలంటే ముందు మాట్లాడాలి.

గొడుగుపిల్లే ముందు మాట్లాడింది. ఒకరోజు క్లాసు అయిపోయి అందరూ లేస్తున్నప్పుడు, వెనక బెంచీ మీంచి వంగి ఆమె భుజం తట్టింది.

"నువ్వు ముప్పై ఏడువి కదూ? నాకు ఒళ్ళు బాలేదు. రేపు రాలేనేమో. రేపొక్కరోజు నా నంబరుకు పలుకుతావా?"

"పలుకుతా" అంది ఆమె. ఆ ఒక్క మాట అనడానికి రెండుసార్లు గొంతు సవరించుకోవాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం స్నానాల గదిలో కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో రెండో గొంతు వెతుక్కుంది. కొంచెం లావుగా, కొంచెం నిద్రమత్తుగా ఉండే గొంతు. మర్నాడు ముప్పై ఏడుకు తన గొంతుతో పలికింది. సారు ముప్పై ఎనిమిది అనగానే తల వంచి రెండో గొంతుతో పలికింది. టిక్కు పడింది. ఆ రోజంతా ఆమె నడక తేలిగ్గా ఉంది.

రెండోరోజూ గొడుగుపిల్ల రాలేదు. ఆమెను ఎవరూ పలకమనలేదు. అయినా పలికింది. మూడోరోజు, నాలుగోరోజు కూడా.

నాలుగోరోజు వెనక బెంచీ అమ్మాయిలు కనిపెట్టారు.

"ఒసేయ్, ఒక్క గొంతే సరిగ్గా లేనిదానివి, రెండోది ఎక్కడ తెచ్చుకున్నావే?"

"గొడుగు కింద దొరికిందేమోలే."

"సోమవారం నేను సినిమాకి పోతున్నా. నాకూ ఒక గొంతు కుట్టిపెట్టు తల్లీ."

"నీకు పలకను" అంది ఆమె. "తను నా స్నేహితురాలు. అందుకని."

వాళ్ళు పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. బయట ఆ మాట అనడం అదే మొదటిసారి. అన్నాక, అది నిజమేనేమో అనిపించింది.

గొడుగుపిల్లను వెతుక్కుంటూ వెళ్ళాలని ఆమె అనుకోకపోలేదు. ఒకరోజు సాయంత్రం గేటు దాటి కుడివైపుకు తిరిగింది కూడా. ఎనభై అడుగులు వేసి వెనక్కి వచ్చేసింది. వెళ్తే చేసిన సాయానికి బదులు అడగడానికి వచ్చినట్టుంటుంది. ఒకవేళ ఆ గదిలో ఇంకో నలుగురు కూర్చుని నవ్వుకుంటూ ఉంటే? తను గుమ్మంలో నిలబడి ఏం చెప్పాలి? పొద్దున తొమ్మిదింటికి ఒక మాట పలికితే చాలు, ఒక మనిషి ఆమెకు ఉన్నట్టే. ఆ మనిషి ఎలా ఉందో ఆమె అడగలేదు.

పంతొమ్మిది రోజులు పలికింది.

ఇరవయ్యో రోజు సారు హాజరు ముగించి రిజిస్టరు మూస్తుండగా గుమాస్తా తలుపు దగ్గరికి వచ్చాడు. అతని వెనక ఒక పెద్దాయన. ఇళ్ళకు రంగులు వేసే మనిషని చూస్తూనే తెలుస్తోంది. చెవి మడతల్లో, గోళ్ళ సందుల్లో తెల్ల సున్నం.

"సార్, ముప్పై ఎనిమిది ఇవాళ వచ్చిందా?" అన్నాడు గుమాస్తా.

సారు రిజిస్టరు మళ్ళీ తెరిచి ముక్కు ఆనించారు. "వచ్చింది. రోజూ వస్తోంది. ఒక్క సున్నా కూడా లేదు."

"చూశారా?" అన్నాడు గుమాస్తా పెద్దాయనతో. "సున్నా లేందే నేను కార్డెలా రాస్తానయ్యా?"

పెద్దాయన లోపలికి వచ్చాడు. బెంచీల వెంట చూపు నడిపించాడు, చివరి దాకా.

"ఎక్కడుంది సార్ మా అమ్మాయి? చూపించండి. నేను దాని మంచం దగ్గర్నుంచే వస్తున్నాను. ఆసుపత్రిలో ఉంది. టైఫాయిడు ముదిరిపోయాక చేర్చారు, ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది. దానికి గది అద్దెకిచ్చిన ఇంటావిడ పెట్టిన రొట్టె రెండురోజులుగా మెట్టు మీదే ఉంటే అనుమానం వచ్చి తలుపు తీసి, ఆసుపత్రిలో చేర్చి నాకు కబురు పెట్టింది. లేకపోతే..." ఆయన సారు వైపు తిరిగాడు. "ఇప్పుడే పలికిందన్నారు కదా. ఏది, మళ్ళీ పలకమనండి."

సారు కళ్ళద్దాలు తీశారు. "ఎవరు పలికింది?"

వెనక బెంచీ అమ్మాయిలు తలలు వంచుకున్నారు. ఒక్కరు కూడా ఆమె వైపు చూడలేదు. క్లాసంతా ఆమెను కాపాడింది. అంతమంది ఒకేసారి ఆమె పక్షాన ఉండటం అదివరకెప్పుడూ జరగలేదు. ఆమె లేచి నిలబడలేదు.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళింది. భుజానికి 37 సంచి, దాని లోపల మడిచిన 38 సంచి. ఆడవాళ్ళ వార్డు, కిటికీ వైపు మంచం. గొడుగుపిల్ల జుట్టు పొట్టిగా కత్తిరించారు. దుప్పటి మూల ఎర్రదారంతో నంబరు కుట్టి ఉంది. ఆమె చూపు ముందు దాని మీద పడింది.

గొడుగుపిల్ల కాసేపు గుర్తుపట్టలేదు.

"నేను. ముప్పై ఏడు."

"ఓ. నువ్వా." నవ్వబోయింది. "నిలబడితే ఇంత పొట్టిదానివా నువ్వు?"

పెద్దాయన స్టూలు జరిపాడు. "కూర్చో అమ్మా. ఒక్కరైనా వచ్చారు. ఇన్నాళ్ళలో దీనికి ఒక్క మనిషి కూడా దొరకలేదేమో అనుకుని ఏడ్చాను." మందుల చీటీ పట్టుకుని బయటికి వెళ్ళాడు.

గొడుగుపిల్ల పైకప్పు చూస్తూ మాట్లాడింది.

"అంత దూరం ఒక్కదానివి ఉండలేవని నాన్న అన్నాడు. ఉంటానని పోట్లాడి వచ్చాను. జ్వరం ఒక్కరోజులో తగ్గుతుందనుకున్నా. తగ్గకపోతే మాత్రం, రమ్మని ఎలా రాయను? పంతం. ఏడు రోజులు ఓర్చుకుంటే కార్డు వెళ్తుంది, కార్డు చూసి నాన్నే వస్తాడు, నేను పిలిచినట్టుండదు అనుకున్నా. క్యాలెండరులో రోజులు కొట్టేసుకుంటూ పడుకున్నా. మెట్ల మీద చప్పుడైతే నాన్నేనేమో అనుకునేదాన్ని. కార్డెందుకు వెళ్ళలేదో. తర్వాత లేచి ఉత్తరం రాద్దామంటే లేవలేకపోయా."

ఆమె చెయ్యి భుజం దాకా లేచి, చెవి దగ్గర ఆగింది.

"నేను పలికాను" అంది.

"ఒక్కరోజేగా చెప్పాను."

"రోజూ పలికాను. ఇవాళ్టి దాకా."

గొడుగుపిల్ల తల ఇటు తిప్పింది. కోపంగా లేదు. కోపానికి కావలసిన బలం లేదు.

"ఎందుకు?"

"నీకు సున్నా పడకూడదని." అది సగమే. మిగతా సగం కూడా చెప్పింది, చాలా మెల్లగా. "నాకు ఎవరూ లేరు. నీకు పలికినంతసేపూ ఒకరున్నట్టుండేది."

వార్డులో ఎవరిదో గ్లాసు కిందపడింది. ఆయా తిట్టుకుంటూ తుడిచింది.

"అన్ని రోజులు నా నంబరు గుర్తుపెట్టుకున్నావు" అంది గొడుగుపిల్ల. "ఒక్కరోజు మెట్లెక్కి చూడలేకపోయావా?"

"గది ఎక్కడో తెలీదు."

"అడిగితే చెప్తారుగా."

"చెప్తారు" అంది ఆమె.

గొడుగుపిల్ల గోడ వైపుకు తిరిగి పడుకుంది. సంచి సంచిలోనే ఉండిపోయింది.

పెద్దాయన మందులతో వచ్చాడు. ఆయనకు ఏమీ తెలీదు. "డాక్టరుగారు రేపు పంపిస్తామన్నారు. పదకొండింటి బస్సుకు తీసుకుపోతాను. చదువు సంగతి తర్వాత. గదిలో సామాను మిగిలిపోయిందమ్మా. దీన్ని వదిలి వెళ్ళలేను. నీకు గది తెలుసు కదా?"

ఆమె భుజం మీది సంచి సర్దుకుంది.

"టైర్ల కొట్టు మీద" అంది గొడుగుపిల్ల, గోడ వైపు నుంచే. "మెట్లు బయట్నుంచి. తాళం ఇంటావిడ దగ్గర."

అంతే. తండ్రికి కూడా ఏమీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఆమె క్లాసుకు వెళ్ళలేదు. హాస్టలు గేటు దాటి కుడివైపుకు తిరిగింది. ఎనభై అడుగులు వేసి ఈసారి ఆగలేదు. మరో నలభై అడుగులకు టైర్ల కొట్టు వచ్చింది. మెట్లు పద్నాలుగు.

గదిలో ఒక మంచం, ఒక స్టూలు, నీళ్ళ కూజా. గోడకు క్యాలెండరు. ఏడు తేదీల మీద పెన్సిలు గీతలు. వాటికి మూడు రోజుల తర్వాతి తేదీ చుట్టూ సున్నా చుట్టి ఉంది. కార్డు చేరి, బస్సెక్కి, మనిషి రావడానికి పట్టే రోజులు లెక్కేసి చుట్టినది. ఆ తర్వాత ఏ గీతా లేదు. కిటికీలోంచి చూస్తే వాళ్ళ క్లాసు భవనం పైకప్పు కనిపిస్తోంది.

ఆమె దుప్పటి దులిపింది. వాళ్ళమ్మ నేర్పినట్టు అంచుకు అంచు కలిపి మడిచింది. బట్టలు పెట్టెలో సర్దింది. పుస్తకాలు తాడుతో కట్టింది. దువ్వెన, పెన్నులు, సగం రాసి వదిలేసిన ఉత్తరం మిగిలాయి. వాటికి చోటు లేదు. 38 సంచి తీసి, వాటిని అందులో వేసి మూతి ముడివేసింది.

క్లాసు భవనంలో తొమ్మిదింటి గంట వినిపించింది. గదిలోకి చాలా స్పష్టంగా వినిపించింది. ముప్పై ఏడు రావడానికి రెండు నిమిషాలు పడుతుందని ఆమెకు తెలుసు. సంచి పట్టుకుని, కిటికీ దగ్గర నిలబడింది. రెండు నిమిషాలయ్యాయి. ఇంకాస్త సేపైంది. చెయ్యి లేచి, వెంట్రుకలు చెవి వెనక్కి తోసి, దిగింది.

తర్వాత క్యాలెండరు తీసి చుట్టింది. పెట్టె ముందు దించి వచ్చి, పుస్తకాలకు మళ్ళీ మెట్లెక్కింది. తలుపు వెనక నల్లగొడుగు కనిపించింది. అది చంకలో పెట్టుకుని, తాళం వేసి, ఆసుపత్రి వైపు నడిచింది.