కోతల నెలలో పెట్టిన లెక్క

మెల్‌బోర్న్ ఉత్తరాన మేముండే పేటలో, వయసు మళ్ళినవాళ్ళని వారానికోసారి షాపింగుకీ లైబ్రరీకీ తీసుకెళ్ళే చిన్న బస్సు ఒకటుంది. పోయిన వారం ఆ బస్సు ఆగే చోట స్తంభానికి కౌన్సిల్‌వాళ్ళు, అంటే ఇక్కడి మునిసిపాలిటీవాళ్ళు, ప్లాస్టిక్ తొడుగులో పెట్టిన కాగితం ఒకటి వేలాడుతూ కనిపించింది. ఎక్కేవాళ్ళు తగ్గిపోయారట, నాలుగు వారాలు లెక్క తీసి చూశారట, ఇక ఈ స్టాపు ఉంచాలా వద్దా అని ఆలోచిస్తున్నారట. నాతో పొద్దున్నే వాకింగుకి వచ్చే ఖమ్మం ఆంటీ ఆ కాగితం వైపు చెయ్యి ఊపి, "తీసేస్తే తీసేయనీ బిడ్డా, ఎవరెక్కుతున్రు గనక? నన్నైతే మా కోడలు డ్రాప్ చేస్తది," అంది. నేను మాత్రం అక్కడే నిలబడిపోయి, "ఏ నాలుగు వారాలు ఆంటీ?" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. ఇంటికొచ్చాక కాగితం మీదున్న నంబరుకి ఫోన్ చేసి అదే ప్రశ్న అడిగాను. ఫోనెత్తినామెకీ అర్థం కాలేదు, కనుక్కుని చెబుతానంది. వంటింట్లో టోస్టు తింటున్న మా అమ్మాయి, "అమ్మా, యూ డోన్ట్ ఈవెన్ వర్క్ ఫర్ ఎ కౌన్సిల్ ఎనీమోర్," అంది నవ్వుతూ. నిజమే, కౌన్సిల్ ఉద్యోగం మానేసి చాలా ఏళ్ళయింది. కానీ ఒకప్పుడు ఇలాంటి లెక్కే పెట్టినదాన్ని నేను. అది తప్పు వారాల్లో పెట్టిన లెక్క అని తెలిసీ ఊరుకున్నదాన్ని కూడా నేనే.

అప్పుడు మేము విక్టోరియా పశ్చిమాన, గోధుమ పొలాల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. మా ఆయనకి అక్కడి మందుల షాపులో ఫార్మసిస్టు ఉద్యోగం, నాకు కౌన్సిల్ ఆఫీసులో ఏడాది కాంట్రాక్టు. ఆ ఊరికి ఒకటే వీధి, ఆ వీధికి రెండు బేకరీలు, రెండు బేకరీలకీ ఒకదానితో ఒకటి మాటల్లేవు. కొత్తగా దిగిన వారంలో పోస్టాఫీసులో పెద్దావిడ ఒకరు మా ఆయన్ని "లవ్" అని పిలిచిందట. ఆ సంగతి నాకు చెప్పాలా వద్దా అని భోజనం అయ్యేదాకా తర్జనభర్జన పడి, చివరికి మజ్జిగన్నం దగ్గర బయటపెట్టారు. నెల తిరిగేసరికి మమ్మల్నిద్దర్నీ ఊరంతా అలాగే పిలుస్తోంది. ఆ పిలుపులో మన "అమ్మా", "నాయనా" లాంటి చనువు తప్ప వేరే ఏమీ లేదని అప్పటికి తెలిసింది. కౌన్సిల్ అంటే అక్కడ చెత్త డబ్బాల దగ్గర్నించి శ్మశానంలో గడ్డి కొట్టించడం దాకా అన్నీ. నా పని, జనానికి అందే సేవల్లో ఏవి నడుస్తున్నాయో, ఏవి ఊరికే పేరుకి ఉన్నాయో చూసి రిపోర్టులు రాయడం. కాంట్రాక్టు పర్మనెంటు అయితేనే మా వీసా సంగతి తేలుతుంది. ఇది సాకుగా చెప్పడం లేదు. చెప్పకపోతే కథ సగమే అవుతుంది కాబట్టి చెబుతున్నాను.

నాకిచ్చిన మొదటి పెద్ద పని మంగళవారం బస్సు. ఊరికి ఇరవై ఎనిమిది కిలోమీటర్ల అవతల పది పన్నెండిళ్ళ పల్లె ఉండేది. అక్కణ్ణించి బయల్దేరి, దారిలో పొలాల గేట్ల దగ్గర ఆగుతూ, పదింటికల్లా ఊళ్ళోకి వచ్చి, మధ్యాహ్నం రెండింటికి తిరిగి వెళ్ళేది ఆ బస్సు. డిసెంబరు మీటింగుకి ముందే రిపోర్టు కావాలన్నాడు మా మేనేజరు. అందుకని నవంబరులో నాలుగు మంగళవారాలు నేనే బస్సులో కూర్చుని, ఎక్కినవాళ్ళకల్లా టిక్కులు పెట్టాను. మొదటి రోజు ఐదుగురు, రెండో రోజు ముగ్గురు, మూడో రోజు మళ్ళీ ముగ్గురు, నాలుగో రోజు ఒక్కరు. బస్సు నడిపే ఆవిడ అరవై దాటిన మనిషి, గొంతు గట్టిది. అద్దంలోంచి నన్ను చూస్తూ, "కోతలప్పుడు వచ్చి లెక్కపెడితే ఎవరుంటారు లవ్? ఆడామగా అందరూ పొలంలోనే. ఫిబ్రవరిలో రా, నిలబడ్డానికి చోటుండదు," అంది. బయట చూస్తే నిజంగానే కోత యంత్రాలు దుమ్ము లేపుకుంటూ తిరుగుతున్నాయి. ఈ మాట నాకు ఒకరు చెప్పాలా? మాది తెనాలి దగ్గర పల్లె. వరి కోతలప్పుడు మా నాన్న పంటి నొప్పిని కూడా కోతలయ్యేదాకా వాయిదా వేసేవాడు. "ఓకే, నోట్ చేసుకుంటాను," అన్నాను ఆవిడతో. చేసుకున్నాను కూడా.

నాలుగు వారాలూ తప్పకుండా ఎక్కిన మనిషి ఒక్కరే. ఎనభైకి దగ్గరపడిన పెద్దాయన. ఇస్త్రీ చొక్కా, మెడలో టై, చేతిలో ఒక కాగితం సంచీ. చూపు మందగించిందని డాక్టరు చెబితే మారు మాట్లాడకుండా డ్రైవింగు లైసెన్సు తిరిగి ఇచ్చేశారట. పిల్లల్లేరు. భార్య మా ఊళ్ళోని వృద్ధుల ఆశ్రమంలో ఉంది, మతిమరుపు జబ్బు. ఆయన ప్రతి మంగళవారం వెళ్ళి, పెరట్లో ఆ కాలానికి కాసిన పళ్ళు, అప్పుడైతే ఆప్రికాట్లు, కోసి ఆమెకి తినిపించి, ఆ వారం తమ పొలంలో ఎంత వాన పడిందో తను కొలిచి రాసుకున్న పుస్తకంలోంచి చదివి వినిపించి వచ్చేవారు. వాన పడని వారం "సున్నా" అని చదివేవారట, ఆమె కూడా గంభీరంగా తల ఊపేదట. ఆ చివరి మంగళవారం బస్సులో మేమిద్దరమే. నాకూ రెండు ఆప్రికాట్లు ఇచ్చి, "వారానికోసారి కనిపిస్తే నన్ను గుర్తుపడుతుంది. వారం దాటితే నాకు నమ్మకం లేదు," అన్నారు, ఏదో వాతావరణం గురించి చెబుతున్నట్టు. నా దగ్గరున్న ఫారంలో ఒక ప్రశ్న ఉండేది: ఈ బస్సు లేకపోతే మీకు ఎంత ఇబ్బంది? ఆయన కళ్ళకి ఆనించుకుని చదివి, పెద్ద పెద్ద అక్షరాలతో "ఏదో చూసుకుంటాను" అని రాశారు. ఫిర్యాదు చెయ్యడమంటే ఆ తరంవాళ్ళకి తెలియదు. ఆఫీసుకి వెళ్ళి ఆ జవాబుని నేను "స్వల్ప ఇబ్బంది" అనే గడిలో వేశాను. ఫారంలో రాసింది అదే కదా అనుకున్నాను. ఆయన ఆప్రికాట్లు అప్పటికి నా బ్యాగులోనే ఉన్నాయి.

రిపోర్టు మొదట మూడు పేజీలు వచ్చింది. మూడో పేజీలో, ఈ లెక్క కోతల కాలంలో తీసినది, మామూలు రోజుల్లో ఎక్కేవాళ్ళు ఎక్కువ ఉండొచ్చు, మళ్ళీ చూడటం మంచిది అని ఒక వాక్యం రాశాను. మా మేనేజరు చెడ్డవాడు కాదు. అది తీసెయ్యమని ఆయన అననే లేదు, అసలు ఆయన ఆ వాక్యం చూడనే లేదు. "కౌన్సిలర్లు రెండు పేజీలు దాటితే చదవరు," అని మాత్రం అన్నాడు. రెండు పేజీలకి కుదించడానికి కూర్చున్నాను. లెక్క ఎంత పద్ధతిగా తీశానో వివరించే పేరా ఒకటుంది, దాన్ని తీసెయ్యొచ్చు. తియ్యబుద్ధి కాలేదు, అందులో నా తెలివి కనిపిస్తోంది. కోతల వాక్యం ఉంచితే, మరి ఇప్పుడెందుకు లెక్కపెట్టావ్ అని ఎవరైనా అడుగుతారు. దాన్ని తీసేశాను. రిపోర్టు రెండు పేజీలకి చక్కగా సరిపోయింది.

మీటింగు సాయంత్రం ఏడింటికి. కౌన్సిలర్లు ఏడుగురు. చెత్త డబ్బాల మూతలు పచ్చవి ఉండాలా ఎర్రవి ఉండాలా అన్న దాని మీద గంటసేపు మాట్లాడుకున్నారు. మంగళవారం బస్సు నాలుగు నిమిషాల్లో అయిపోయింది. జనం కూర్చునే కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఆ బస్సు మీద ఆధారపడ్డవాళ్ళు రాత్రి మీటింగుకి ఎలా వస్తారన్నది అప్పుడు ఎవరికీ తట్టలేదు. చేతులు లేచాయి, జనవరి ఆఖరుతో బస్సు ఆపాలని తీర్మానం అయింది. మేయరు నా వైపు తిరిగి "నైస్ క్లియర్ రిపోర్ట్" అన్నారు. ఇంటికెళ్ళి ఆ మాట మా ఆయనకి రెండుసార్లు చెప్పాను. మార్చిలో నా ఉద్యోగం పర్మనెంటు అయింది. ఆ ఆదివారం పాయసం చేసి, ఎదురింటివాళ్ళకీ మేనేజరింటికీ పంచాను.

ఏప్రిల్ మొదట్లో ఒక మంగళవారం మా ఆయన షాపు నుంచి ఫోన్ చేశారు. "మీ బస్సు పెద్దాయన లేరూ, ఆయన ట్రాక్టర్ వేసుకుని ఊళ్ళోకి వచ్చారు. ఆశ్రమం ముందు పార్క్ చేశారు. కళ్ళు కనిపించవు కదా ఆయనకి, ఎలా వచ్చారో ఏంటో," అన్నారు. నేను కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి ఆయన తిరుగు ప్రయాణంలో మా ఆఫీసు ముందు నుంచే వెళ్తున్నారు. ఎర్ర ట్రాక్టరు, పైన టై కట్టుకున్న మనిషి, రోడ్డు అంచుని పట్టుకుని సైకిలు వేగంతో. వెనకాలే పోలీసు కారు, దీపాలు వెలిగించుకుని, దాటకుండా, హారన్ కొట్టకుండా. కానిస్టేబులు ఇరవై ఎనిమిది కిలోమీటర్లూ అలాగే వెనకుండి ఇంటిదాకా దిగబెట్టి, ఇంకోసారి వద్దని చెప్పి వచ్చాడట. ఆఫీసులో అందరూ కిటికీల్లోంచి చూశారు. ఎవరూ నవ్వలేదు, నా వైపు ఎవరూ చూడలేదు కూడా. చూసినా బావుండేది.

ఆ శనివారం నేనొక్కదాన్నే ఆయన ఇంటికి వెళ్ళాను. నన్ను చూసి సంతోషపడి టీ పెట్టారు. కెటిల్ లోంచి నీళ్ళు కప్పులో పోసేటప్పుడు వేలు లోపల పెట్టి, నీళ్ళు తగిలాక ఆపారు. ఆవిడ ఎలా ఉన్నారని అడిగాను. బస్సు ఆగాక తొమ్మిది వారాల్లో ఆయన వెళ్ళగలిగింది రెండుసార్లేనట. పక్క పొలంవాళ్ళు తీసుకెళ్ళారు, మళ్ళీ మళ్ళీ అడగడం ఆయనకి చేతకాలేదు. "మొన్న వెళ్తే చాలా మర్యాదగా మాట్లాడింది," అన్నారు టేబుల్ మీద చెయ్యి ఆనించి. "ఎవరికోసం వచ్చారండీ, కూర్చోండి, నర్సుని పిలుస్తాను అంది. యాభై ఏళ్ళలో నాతో ఎప్పుడూ అంత మర్యాదగా మాట్లాడలేదు."

అప్పుడు చెప్పాను. కోతల సంగతి నాకు తెలుసనీ, రాసి తీసేశాననీ, ఆయన జవాబుని ఏ గడిలో వేశానో కూడా చెప్పాను. ఆయన అంతా విని, "ఏదో చూసుకుంటానని రాసింది నేనే కదా లవ్," అన్నారు. తిట్టి ఉంటే ఏడ్చి తేలికపడేదాన్ని. ఆ మాటతో ఆయన నా తప్పులో సగం తన నెత్తిన వేసుకున్నారు. అది నేను ఇవ్వలేదు, కానీ వద్దని గట్టిగా అనలేకపోయాను కూడా. "మంగళవారాలు నేను తీసుకెళ్తాను," అన్నాను. "నీకు ఆఫీసు ఉంటుంది కదా," అన్నారు. "నేను చూసుకుంటాను," అన్నాను.

సోమవారం మేనేజరుకి అంతా చెప్పి, తీసేసిన వాక్యంతో సహా కొత్త నోటు రాసి ఇచ్చాను. ఆయన పెన్ను మూత తీసి పెట్టి, సరే పంపించు అన్నాడు. మంగళవారాలు సెలవుకి ఒప్పుకున్నాడు. మే మీటింగులో ఆ నోటు చదివినప్పుడు, గోధుమలు పండించే కౌన్సిలరు ఒకావిడ, "కోతలు ఎప్పుడో ఈ అమ్మాయి చెబితే తెలియాలా మనకి? ఆవేళ మనం కూడా పొలంలోంచే వచ్చి చెయ్యెత్తాం," అంది. సెప్టెంబరు నుంచి బస్సు మళ్ళీ మొదలైంది, అయితే రెండు వారాలకొకసారి. నాకేమీ కాలేదు. ఉద్యోగం పోతుందేమోనని అంత భయపడ్డానే, ఒక్కరు కూడా గట్టిగా ఒక మాట అనలేదు. మొదటే ఆ వాక్యం ఉంచినా ఏమీ అయ్యేది కాదన్నమాట. అది తెలిశాక ఆ రెండు పేజీలు నాకు ఇంకా బరువయ్యాయి.

బస్సు లేని మంగళవారాలు నేనే ఆయన్ని తీసుకెళ్ళేదాన్ని, రెండేళ్ళకి పైగా, ఆవిడ పోయేదాకా. వెళ్ళిన ప్రతిసారీ గది గుమ్మంలో నిలబడి, "మీ ఆయన వచ్చారండీ," అని ఆమెకి ఆమె భర్తని పరిచయం చెయ్యడం నా పని. ఆమె నమ్మేది కాదు, కానీ మర్యాదస్తురాలు, కాదని అనేది కాదు. ఆయన వాన పుస్తకం చదివితే వినేది. ఒకరోజు ఆమెకి తెచ్చిన పళ్ళు కడిగి తేవడానికి ఆయన వెళ్ళినప్పుడు నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని, "ఆ వచ్చే పెద్దమనిషి చాలా మంచివాడు. పెళ్ళయిందా ఆయనకి?" అని అడిగింది. అయిందన్నాను. "ఎవరోగానీ అదృష్టవంతురాలు," అంది. కారులో ఆ మాట ఆయనకి చెప్పాను. చెప్పాలా వద్దా అని చాలా దూరం ఆలోచించే చెప్పాను. ఆయన కిటికీ అద్దం దించి, కనిపించని పొలాల వైపు తిరిగారు. గేటు దగ్గర దిగేటప్పుడు, "ఇవాళ బాగా గడిచింది," అన్నారు. నేను తల ఊపాను గానీ, ఆ సంతోషంలో పాలు పంచుకునే హక్కు నాకున్నట్టు అనిపించలేదు.

ఆవిడ పోయిన రెండో ఏడు ఆయనా పోయారు. మేము మా అమ్మాయి చదువు కోసం మెల్‌బోర్న్ వచ్చేశాం. ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ క్రిస్మస్‌కి కార్డులు పంపుతారు, అందులో నన్ను మంచిదాన్నని రాస్తారు. ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు తొమ్మిది వారాలంటే ఒక మీటింగుకీ ఇంకో మీటింగుకీ మధ్య ఖాళీ అనుకునేదాన్ని. యాభై ఏళ్ళు కలిసి బతికిన మనిషి ముఖం చెరిగిపోవడానికి ఆ కాస్త ఖాళీ సరిపోతుందని, నాకూ వయసు మీద పడుతున్న ఈ రోజుల్లో, ఒక్కో వారం గడుస్తుంటే తెలుస్తోంది.