దీపంగాడు రేవులో నిలబడ్డ రోజు

ఉద్యోగం లేని రోజుల్లో మనిషికి ఆకలెక్కువ, రెండోసారి వడ్డించమని అడగడానికి నోరు తక్కువ. నాకా రోజులు యానాంలో గడిచాయి. డిగ్రీ పాసయ్యాక ఊళ్ళో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న నన్ను చూసి, "ఇక్కడికి పంపించండి బావగారూ, ఏదో ఒకటి చూద్దాం" అని మావయ్య ఫోన్లో ఒక్క మాట అన్నాడు. ఆ 'ఏదో ఒకటి'ని పట్టుకుని మా నాన్న "మావాడికి యానాంలో ఉద్యోగం" అని ఊరంతా చాటింపు వేసి, కొత్త చొక్కా తొడిగి మరీ బస్సెక్కించేశారు. మావయ్య అంటే మా మేనత్త భర్త. కనకాలపేటలో ఇల్లు, దరియాలతిప్ప వైపు రొయ్యల చెరువులు. ఆ ఇంట్లో ఆయన, అత్తయ్య, ఆయన తల్లి ఉండేవాళ్ళు. ఆవిడని అందరూ మామ్మ అనేవారు. మామ్మకి చెవుడు. అందుకని రహస్యాలు కూడా వీధి చివరిదాకా వినపడేలా అడిగేది. నేను పీట మీద కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే వేళకి సరిగ్గా, "ఈ కుర్రోడు ఎప్పుడెల్తాడే?" అని అత్తయ్యని అడిగేది. ఆ ముద్ద మింగడానికి నాకు గ్లాసుడు నీళ్ళు పట్టేవి.

ఉద్యోగం మాత్రం కనుచూపు మేరలో లేదు. ఎవరిని అడిగినా "చూద్దాం" అనేవారు. (యానాంలో నేను నేర్చుకున్న మొదటి సంగతి, 'చూద్దాం' అన్నవాడు ఆ తర్వాత మనవైపు చూడడు.) పొద్దు గడవక, కాకినాడ హాస్టల్లో చదువుకుంటున్న అత్తయ్య కొడుకు, మా బావ, ఇంట్లో వదిలేసి వెళ్ళిన పాత కంప్యూటర్ తెరిచాను. అందులో ఒక ఆట ఉంది. రాజులు, రాక్షసులు, మంత్రగాళ్ళ ఆట. అష్టాచెమ్మాలో లాగా ముందు మన వంతు, తర్వాత వాళ్ళ వంతు. మనకొక కోట, ఒక గాదె, నలుగురు సైనికులు ఇస్తారు. ప్రతి వంతుకీ ప్రతి సైనికుడూ గాదెలోంచి కాసిని గింజలు తింటాడు. ఏటికి అవతలి ఒడ్డున ఎముకల సేన ఉంటుంది. వానలు మొదలవగానే అది రేవు దాటి వచ్చి మన కోట మీద పడుతుంది. ఆ దెబ్బ కాచుకుంటే రాజ్యం నిలబడ్డట్టే, తర్వాత పెద్ద లోకం తెరుచుకుంటుంది. ఉద్యోగమెలాగూ రాలేదు, రాజ్యమైనా ఏలుదామనుకున్నాను.

అదీ రాసిపెట్టి లేదు. ఎన్నిసార్లు మొదలుపెట్టినా వానాకాలం దాటలేదు. కోట కూలిపోయేది, తెర మీద చిరిగిన జెండా, దాని మీదొక కాకి కనిపించేవి. ఆ కాకి నన్నే చూస్తున్నట్టుండేది. రొయ్యల లోకంలో పనికిరానివాడు రాక్షసుల లోకంలో కూడా పనికిరాడని తెలిసిపోయాక బెంగ పట్టుకుంది. ఒక్కోరోజు మంచం దిగబుద్ధయ్యేది కాదు.

తప్పంతా నా పెంపకంలో ఉంది. ఆ ఆటలో దారిన పోయే విలుకాళ్ళూ, మరుగుజ్జులూ, దిక్కూమొక్కూ లేని రాక్షసులూ కోట గుమ్మంలోకొచ్చి "మీ దగ్గర చేరతాం, చేర్చుకుంటారా?" అని అడుగుతారు. ఔను, కాదు అని రెండు మీటలుంటాయి. మాది గోదావరి జిల్లా. గుమ్మంలోకొచ్చిన మనిషి "తినేసొచ్చానండి" అని మొత్తుకుంటున్నా విస్తరేసి కూర్చోబెట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి. 'కాదు' అన్న మీట మీదికి నా వేలు వెళ్ళేదే కాదు. వచ్చినవాణ్ణల్లా చేర్చుకునేవాణ్ణి. ఎముకల సేన వచ్చేసరికి గాదె ఖాళీ, నా సేనంతా ఆకలితో నీరసించి కోటలోనే చతికిలబడి ఉండేది. పెళ్ళివారు భోంచేసి వెళ్ళిపోయిన పందిట్లో మిగిలిన వంటవాడిలా ఉండేది నా పరిస్థితి.

వాళ్ళందరిలోకీ పెద్ద తిండిపోతు రాక్షసుడొకడుండేవాడు. కుండంత పొట్ట, చేతిలో లాంతరు, మొహాన ఎప్పుడూ నిద్ర. ముగ్గురి తిండి ఒక్కడే తినేవాడు. అడుగు వెయ్యమంటే సగం అడుగు వేసేవాడు. మధ్యాహ్నాలు చింతచిగురు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, ఏరుకుంటూ నా పక్కన కూర్చునే అత్తయ్య వాడికి దీపంగాడని పేరు పెట్టింది. ఆటేమిటో ఆవిడకి బొత్తిగా తెలియదు. వాడంటే మాత్రం ఇష్టం. "మీ దీపంగాడు తిన్నాడా?" అని అడిగేది, పక్కింటి పిల్లాణ్ణి గురించి అడిగినట్టు.

ఇలా ఉండగా ఒకరోజు మావయ్య చెయ్యి కడుక్కుంటూ, నావైపు చూడకుండా, "ఈ పట్టుబడి అయ్యేలోగా ఏదీ కుదరకపోతే ఊరెల్లిపోదువుగానిలేరా, మీ నాన్నకి నేను చెబుతాను" అన్నాడు. చెరువులో రొయ్యలు పట్టడానికి ఎన్నాళ్ళో లేదు. ఆయన కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. ఊరెళితే, ఉద్యోగస్థుడి తండ్రిగా అరుగు మీద కూర్చుంటున్న మా నాన్న మొహం ఎలా చూడాలో తెలియలేదు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం, దయాదాక్షిణ్యాలు కట్టిపెట్టి ఆట కొత్తగా మొదలుపెట్టాను. చేరిన వాళ్ళలో పనికిరానివాళ్ళని పంపించెయ్యడానికి కూడా ఒక మీట ఉంది. అంతవరకూ దాన్ని ముట్టుకోలేదు. వానలు దగ్గరపడగానే కళ్ళు మూసుకుని విలుకాళ్ళని పంపేశాను, మరుగుజ్జులని పంపేశాను. చివరికి దీపంగాడి దగ్గరికి వచ్చాను.

అత్తయ్య చేతిలో చిగురు ఆగిపోయింది. "ఆడ్నెందుకురా పంపించేత్తన్నావ్?"

"దండగ అత్తయ్యా. తినడమే తప్ప ఒక్క పనీ చెయ్యడు."

ఆవిడ తెరవైపు వంగింది. "పంపించేత్తే ఎక్కడికెల్తాడ్రా? ఉండనియ్యి పాపం. తింటే తిన్నాడు."

ఆవిడన్నది దీపంగాడి గురించే. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా కళ్ళ ముందు కోట అలుక్కుపోయింది. అత్తయ్య కంగారుపడి, "ఆటకి ఏడుత్తారేంట్రా, ఇంత వయసొచ్చి! మళ్ళీ ఆడుకో" అని కొంగుతో నా మొహం తుడిచింది. (కొంగుకంటుకున్న చింతచిగురు నా మీసానికి అంటుకుంది. సాయంత్రం దాకా ఎవరూ చెప్పలేదు.)

వాణ్ణి పంపలేదు. కానీ గాదె పక్కన కూర్చున్న ఆ పొట్ట చూస్తుంటే నన్ను నేను చూసుకుంటున్నట్టుండి, ఎదురుగా లేకుండా కోట బయటికి తోసేశాను. సగం అడుగులు వేసుకుంటూ పోయి రేవులో, మోకాళ్ళ లోతు నీళ్ళలో, లాంతరు పట్టుకుని నిలబడ్డాడు. ఎముకల సేన వచ్చింది, వాణ్ణి చితక్కొట్టింది. ఇంక కాకి వస్తుందని నేను తల దించుకున్నాను. మళ్ళీ నా వంతు వచ్చేసరికి దీపంగాడి ఒంటి మీద గాటు లేదు. మళ్ళీ కొట్టారు, మళ్ళీ అంతే. ఆ జాతి రాక్షసులకి నీళ్ళలో నిలబడితే గాయాలు మానిపోతాయట. ఇన్నాళ్ళూ నేను వాణ్ణి జాలిపడి, తడవకుండా, గాదె నీడనే కూర్చోబెట్టాను! ఎముకల సేన కొట్టికొట్టి విసుగెత్తి వెనక్కి పోయింది. వానలు వెలిశాయి. తెర మీద మొట్టమొదటిసారి పచ్చటి చేలు కనిపించాయి. అత్తయ్య చప్పట్లు కొడుతూ లేచింది, ఏరిన చిగురూ ఏరని చిగురూ కలిసి గదంతా పరుచుకుంది.

మావయ్య భోజనానికొచ్చేసరికి అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి మామ్మ చెవిలో అరిచి చెబుతోంది. "దీపంగాడండీ అత్తయ్యగారూ! అందరూ ఎల్లిపోయినా ఆడొక్కడే కదల్లేదండీ! కొట్టినా పారిపోలేదు, నీళ్ళలో అలాగే నిలబడ్డాడు!"

మావయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. చెరువు కాపలా మనిషి చెప్పాపెట్టకుండా మానేసి అప్పటికి రెండు రోజులైంది. పట్టుబడి ముందు దొంగ వలలు పడతాయని ఆయనకి కంటి మీద కునుకు లేదు. "ఎవరాడు? ఎవరి చెరువు కాడ చేత్తన్నాడు?" అన్నాడు ఆశగా. "మన దగ్గిరికి వత్తాడేమో కనుక్కో."

నేను నోరు తెరవబోయాను. అత్తయ్య నావైపు ఒక్క చూపు చూసి నా నోరు మూయించింది. "కొంచెం ఎక్కువ తింటాడండి" అంది.

"తిననీ! మనిషి కదలకుండా ఉంటే చాలు. ఎక్కడున్నాడు?"

"ఇదిగో, మీ ఎదురుగానే పీటేసుకుని కూర్చున్నాడు."

మావయ్య నన్ను పైనుంచి కిందకి చూశాడు. నా మీసం మీది చింతచిగురు దగ్గర కాసేపు ఆగాడు. "ఉంటావేంట్రా గట్టు మీద?"

"ఆయ్ మావయ్యా" అన్నాను.

ఆ సాయంత్రం టార్చిలైటూ, అన్నం క్యారేజీ పట్టుకుని బయల్దేరుతుంటే మామ్మ వీధంతా వినపడేలా అడిగింది, "ఈ కుర్రోడు ఎప్పుడెల్తాడే?" "ఎల్తన్నాడండీ, పనిలోకి!" అని అత్తయ్య అంతకంటే గట్టిగా అరిచింది. మామ్మ "మరి పొద్దున్నే వచ్చేత్తాడా?" అంది.

ఇప్పుడు నాకూ రెండు చెరువులున్నాయి. ఆ కంప్యూటర్ ఎప్పుడో పాత ఇనుములోకి పోయింది, రాజ్యం తర్వాత ఏమైందో నేను చూడనేలేదు. ఎవరైనా గుమ్మంలోకొచ్చి పనడిగితే 'కాదు' అనడం నాకింకా చేతకాదు, మా ఆవిడ అందుకు నన్ను తిడుతూనే ఉంటుంది. అప్పుడప్పుడు పొద్దువాలే వేళ గట్టు మీదికి వెళితే, నీళ్ళలో నా నీడ కనిపిస్తుంది. కుండంత పొట్ట, చేతిలో టార్చి. అత్తయ్య ఉంటే "తిన్నాడా?" అని అడిగేది కదా అనుకుని, నవ్వుకుంటూ అలాగే కాసేపు నిలబడతాను.