బంపర్ మీద తడి

నన్ను ఇంతవరకు సజీవుల లెక్కలో ఉంచిన దేవునికి స్తోత్రం. ఆయన ఎదుట అబద్ధమాడినవాణ్ణి కాబట్టి ఈ సంగతి రాస్తున్నాను.

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. చనిపోయినవాళ్లు తీర్పు దినం దాకా నిద్రలో ఉంటారని చిన్నప్పుడే నేర్చుకున్నాను. జంతువుల సంగతి నాకెవరూ నేర్పలేదు.

తొంభైల మధ్యలో ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ సాకేత్‌లో ఉండేవాణ్ణి. మా తెలుగు సంఘం ఆదివారం ఆరాధన ఫరీదాబాద్‌లో ఒక విశ్వాసి ఇంట్లో జరిగేది. నా మారుతీ వ్యాన్‌లో నా భార్య సుగుణ, సంఘ పెద్ద, మరో ఇద్దరు వచ్చేవాళ్లు. దారి కొంత దూరం అభయారణ్యం గుండా పోతుంది. అక్కడొక మలుపులో అటవీ శాఖ కాపలాదారు కర్రకు ఎర్రగుడ్డ కట్టుకుని, నెమ్మదిగా పొమ్మని ఊపేవాడు. అతన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. ఆరాధనకు అడ్డుపడేవాడిలా కనిపించేవాడు.

ఒక ఆదివారం ఆలస్యమైంది. వెనక అందరూ కళ్లు మూసుకుని ప్రయాణ ప్రార్థన చేస్తున్నారు. ఎర్రగుడ్డ కనిపించినా నేను వేగం తగ్గించలేదు. నీల్‌గాయ్ దూడ ఒకటి, మన వైపు మనుబోతు అంటారు, బంపర్‌కు తగిలి పడిపోయింది. దాని తల్లి రోడ్డు మీదికి రావడం అద్దంలో చూశాను. బ్రేకు మీద కాలు పెట్టాను.

పెద్దగారు కళ్లు తెరవలేదు. "పోనివ్వండి బ్రదర్. పశువు కోసం దేవుణ్ణి వెయిట్ చేయిస్తారా?" అన్నారు.

పోనిచ్చాను. అంతకంటే చెడ్డపని తర్వాత చేశాను. సాక్ష్యాల సమయంలో లేచి, అడవి మృగం మా మీదికి దూకితే ప్రభువు తప్పించాడని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. సుగుణ కొట్టలేదు.

మరుసటి ఆదివారం ఆరాధన ముగిసి బయటికొచ్చాం. వ్యాన్ ప్రహరీ లోపలే ఉంది, గేటుకు లోపలినుంచి తాళం. బండంతా దుమ్ము. బంపర్ సొట్టపోయిన చోట మాత్రం అరచేయంత మేర దుమ్ము లేదు, తడిగా ఉంది. ముట్టుకుంటే జిగురు. చిన్నప్పుడు మా ఇంట్లో గేదెలుండేవి. తల్లి దూడను నాకిన తడి నాకు తెలుసు.

ఏ వీధి ఆవో దూరిందేమోనని ఆవరణంతా వెతికాం. ఏమీ లేదు. సుగుణ సబ్బుతో కడిగింది. నాలుగు ఆదివారాలు అదే తంతు.

ఐదో ఆదివారం లేచి నిజం చెప్పబోయాను. రెండు మాటలైనా కాకముందే పెద్దగారు పాట ఎత్తుకున్నారు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, సంఘం పరువు తీస్తున్నానని, నన్ను సాతాను పట్టిందని అన్నారు. సుగుణ తప్ప నా బండి ఎవరూ ఎక్కలేదు. ఆ రోజు కూడా బంపర్ తడిగానే ఉంది.

తిరిగి వస్తూ మలుపులో ఆపాను. ఆ దూడను చంపింది నేనేనని కాపలాదారుతో చెప్పాను. అతను నా ముఖం కూడా చూడలేదు.

"మాలూమ్ హై, తెలుసు. పాటలు పాడుకుంటూ పోయే బండి. ఇన్నాళ్లకు గుర్తొచ్చిందా సాబ్?"

తల్లి ఏమైందని సుగుణ అడిగింది.

"దూడను నాకుతూ నడిరోడ్డులో నిలబడింది దీదీ. తోలినా కదల్లేదు. గంటలో లారీ కొట్టింది. రెండింటినీ ఒకే గుంటలో పూడ్చాను. దువా మీకొచ్చుగా, మీరే చేయండి."

బంపర్ సంగతి మేం అతనితో ఒక్క ముక్క కూడా అనలేదు.

ఆ రోడ్డు పక్కనే మోకరించాం. పోయే బండ్లవాళ్లు హారన్లు కొట్టారు, తిట్టారు. అతను మాకు కాస్త ముందు నిలబడి ఎర్రగుడ్డ ఊపుతూనే ఉన్నాడు.

మరుసటి ఆదివారం బంపర్ నిండా దుమ్ము. సొట్ట మీద కూడా.

ఆ తడి ఎక్కడిదో ఈనాటికీ నాకు తెలియదు. సంఘంలో చెప్పబోయినప్పుడు పోనిది రోడ్డు మీద చెప్పినప్పుడు ఎందుకు పోయిందో కూడా తెలియదు. ఆయనకు తెలుసు. చదువుతున్న మీరు కూడా నాతో కలిసి, ఆ దారిన తొందరపడే వాళ్ల కోసం, దాటలేక అంచున నిలబడిపోయే వాటి కోసం ప్రార్థించండి. బండిలో ఉంటే మాత్రం కళ్లు తెరుచుకునే ప్రార్థించండి. ఆమెన్.