గేటు దగ్గర పట్టుబడ్డ పిండం

ఆయన పోయాక గుడివాళ్ళు ఒక పుస్తకం వేశారు. ముందు అట్ట మీద హోంగార్డు కెప్టెన్ టోపీతో ఒక ఫొటో, వెనక అట్ట మీద శాసనసభ్యుడిగా మెడనిండా దండలతో ఇంకొకటి. చిన్నప్పట్నుంచి ఎరిగినదాన్ని నేనొక్కదాన్నే మిగిలానని నన్నూ రెండు మాటలు రాయమన్నారు. రాసిచ్చాను. వేయలేదు.

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. కూడబలుక్కుని చదువుతాను. అడవిలో కమ్యూనిస్టులకు అన్నం మోస్తున్నవాణ్ణి తన చేతులతో పట్టుకున్న ధీరుడని ఆ పుస్తకంలో ఉంది. ఆ మోసినవాడు మా అన్న. ఆ అన్నం వండింది నేను.

ఇండియా నుంచి ఓడలో వచ్చి బటాంగ్ బెర్జుంటై దగ్గర రబ్బరు తోటలో కూలీలుగా ఉండేవాళ్ళం. అడవిలో కమ్యూనిస్టుల మీద తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. మా కూలీ ఇళ్ళ లైన్ల చుట్టూ ముళ్ళకంచె, ఒకటే గేటు. పొద్దున చెట్లు గీయడానికి పోయేటప్పుడు బకెట్లు తడిమేవారు, ఆడవాళ్ళ కొప్పులు విప్పించేవారు. పిడికెడు అన్నం కంచె దాటినా అడవిలో వాళ్ళకు పెట్టినట్టే లెక్క. ఆ గేటుకు పెద్ద మా కంగాణీ కొడుకు. మా మీద పని చేయించే మేస్త్రీకి కొడుకే అయినా మాతో కలిసి ఆడినవాడు, మా తెలుగువాడు. దొర తుపాకీ ఇచ్చి హోంగార్డు కెప్టెన్ని చేశాక అతని నడక మారింది. అబద్ధమెందుకు, అప్పట్లో అది చూస్తే మాకూ గర్వంగానే ఉండేది.

మా నాన్న జ్వరంతో పోయాడు. అమ్మ అంతకుముందే పోయింది. పదోనాడు ఏటి ఒడ్డున పిండం పెట్టాలి, కాకి ముట్టాలి. ఏరేమో కంచె అవతల. లోపల కొళాయి పక్కనే పెట్టేయమన్నారు కొందరు. అన్న ఒప్పుకోలేదు.

"సివరి రెండేళ్ళూ కంచెలోనే ఉన్నాడు. సచ్చినాక కూడా ఇక్కడేనా?" అన్నాడు.

ముందురోజు సాయంత్రం ఇద్దరం కెప్టెన్ దగ్గరికి వెళ్ళాం. బూట్లు తుడుచుకుంటున్నాడు.

"ఏటిరా, పిండానికి కూడా పర్మిట్టు కావాలా?" అన్నాడు అన్న.

"నీ కాకులకి నాను తుపాకీ ఎడతానేటి? ఎల్లిరా. గేటు కాడ నానుంటాను లే."

మర్నాడు గుప్పెడు బియ్యం వండి, నువ్వులు కలిపి, మూడు ముద్దలు అరిటాకులో కట్టిచ్చాను. గేటు దాకా వెనకే వెళ్ళాను. అక్కడ కెప్టెన్ పక్కన తెల్ల పోలీసు ఆఫీసరు ఉన్నాడు, తనిఖీకి వచ్చి. పొట్లం వైపు చూపించి ఏదో అడిగాడు. అన్న కెప్టెన్ మొహంకేసి చూశాడు. వీళ్ళ నాన్న పోయాడు అని ఒక్క మాట చెబితే చాలు. అతనికి ఇంగ్లీషు వచ్చు, మాకు రాదు. అతను అన్న మెడ మీద చెయ్యి వేసి కిందికి వంచి, పొట్లం లాక్కున్నాడు.

నేను అరిచానంటారు. నాకు గుర్తు లేదు. నువ్వులంటిన ముద్దల్ని పాత పేపర్లో చుట్టి, సాక్ష్యమని జీపులో పెట్టడం గుర్తుంది. మా నాన్న పిండం పోలీసు స్టేషన్ బల్ల ఎక్కింది.

అన్నని నిర్బంధ క్యాంపులో ఉంచి, పుట్టింది ఇండియాలో కదా అని ఓడ ఎక్కించేశారు. చంకలో బిడ్డగా వచ్చినవాడు. అక్కడ ఎవరున్నారని?

కెప్టెన్‌కి పతకం వచ్చింది. మెర్డెకా నాడు, అంటే స్వాతంత్ర్యం వచ్చిన రోజున, తోట ఆఫీసు ముందు కొత్త జెండా ఎత్తింది అతనే. అందరి చేతా మెర్డెకా అని అరిపించాడు. నేనూ అరిచాను. తర్వాత పతకం తగిలించుకుని ఎన్నికల లారీ ఎక్కాడు. మా లైన్లకు వచ్చినప్పుడు జనాన్ని తోసుకుని వెళ్ళి అడిగాను. అది పిండమని, పొమ్మన్నది తనేనని కాగితం రాసిమ్మన్నాను. అదుంటే అన్న తిరిగి రావచ్చని మా తోట గుమాస్తా చెప్పాడు.

అతను గొంతు తగ్గించాడు. "ముందు నన్ను గెలవనీ సెల్లీ. గెలిచినోడి సంతకానికే ఇలువ."

ఓటు అతనికే వేశాను. గెలిచాక మూడుసార్లు అతని ఆఫీసుకు వెళ్ళాను. మూడోసారి తలుపు వేసి చెప్పాడు.

"ఇప్పుడది రాస్తే నా పతకం ఏటవుతాది సెల్లీ?"

నిజం చెప్పాడు కాబట్టి ఆ ఒక్క రోజే అతని మీద కోపం రాలేదు.

అన్న ఉత్తరాలు గుమాస్తా చదివి వినిపించేవాడు. నాన్నకి పిండం పెట్టించావా అని ప్రతి ఉత్తరంలోనూ అడిగేవాడు. పెట్టించాను, కాకి ముట్టిందని గుమాస్తా చేత రాయించాను. అబద్ధం. మళ్ళీ వండడానికి నాకు చేతులు రాలేదు. కొన్నేళ్ళకి ఉత్తరాలు ఆగిపోయాయి. అన్న ఏ రోజు పోయాడో నాకు తెలియదు.

కెప్టెన్ పదోనాటికి, అతని కొడుకులుండే ఇపో పట్నానికి నేనూ వెళ్ళాను. కొడుకులు పిండం కారులో ఏటికి తెచ్చారు. ఎక్కడా గేటు లేదు, ఎవరూ ఆపలేదు. కాకి ముట్టదు, అది చూడాలనే వెళ్ళాను. వాళ్ళు ఆకు నేల మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి వేసేలోపే రెండు కాకులు దిగాయి. మెతుకు మిగల్చకుండా తిని పోయాయి.