వాటం ఇచ్చిన రైలుకట్ట

మా మేడ మీది రేకుల గదిలో ఒక చిన్న రైలు ఉంది. వేలూరు కంటోన్మెంటులో బయలుదేరి కన్నమంగళం దాకా బ్రహ్మాండంగా పోతుంది. తిరిగి రాదు. మొత్తం దూరం పన్నెండడుగులు. ఆ పన్నెండడుగులు దాన్ని వెనక్కి రప్పించడానికి నేను పడ్డ పాట్లు చెబితే, మోటార్లు బాగుచేసి బతికేవాడివి, నీకిది చేతకాలేదా అని ఎవరైనా నవ్వుతారు. నవ్వనీ. నిజంగానే చేతకాలేదు.

గుడియాత్తంలో నాకొక వైండింగ్ షాపు ఉంది. ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ల మోటార్లు, ఏది కాలిపోయినా విప్పి కొత్త రాగి తీగ చుట్టి ఇస్తాను. కాలినదాన్ని మళ్లీ తిప్పగలననే పొగరు నాకు మొదటినుంచీ కొంచెం ఎక్కువే. మా మామది ఇంకో రకం పొగరు. మామ అంటే మా అమ్మకు తమ్ముడు, నా భార్యకు తండ్రి. మావాళ్లలో ఇది మామూలే. ఆయన మేస్త్రీ. వేలూరులోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఆయన చేయి పడని వీధి లేదని ఆయనే చెప్పుకునేవాడు. అత్త పోయిన తరువాత వేలూరులో బాడుగ ఇల్లు ఖాళీ చేసి మా దగ్గరికి వచ్చేశాడు. అప్పటికే సిమెంటు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. పని లేదు కదా, మా ఇంటి గోడలు తట్టి చూస్తూ కూర్చునేవాడు. "ఈ గోడకి పూత పూసినోడు తాగి పూసినాడప్పా" అని నాకు రోజుకొకసారి చెప్పేవాడు.

ఒకసారి ఎవరో ఒక బొమ్మరైలు బాగుచేయమని షాపులో ఇచ్చి మళ్లీ రాలేదు. చాలా కాలం ఎదురుచూసి దాన్ని ఇంటికి తెచ్చి, మోటారు సరిచేసి, నేలమీద తిప్పి చూస్తున్నాను. మామ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"దీన్ని మన చిన్న లైనులో తోలొచ్చునా అప్పా?" అన్నాడు.

చిన్న లైను అంటే వేలూరు మీదుగా తిరువణ్ణామలై వైపు పోయే పాత మీటర్ గేజి. ఇప్పుడు లేదు. పట్టాలు పీకి పెద్ద లైను వేసేశారు. అత్త పుట్టిల్లు కన్నమంగళం పక్కన. పండగకనీ, పబ్బానికనీ, ఊరికే బుద్ధి పుట్టిందనీ ఆ రైల్లో పోయేది.

"నాలుగు దినాలు ఉండి వస్తా అంటాది, ఎనిమిది దినాలు ఉంటాది" అని మామ ఆ రోజు చెప్పాడు. "నేను నాలుగో దినం నుంచే కంటోన్మెంటుకి పోయి కూర్చుంటా. పని ముగించుకొని, కాళ్లకి సిమెంటు ఉండంగానే. ఆడ ఒక రాతి బెంచీ ఉండాది. బండి ఒక్కనాడూ టైముకి వచ్చింది లేదు. వచ్చినాక మీ అత్త దిగేది కూడా కడాసిలోనే. అందరూ దిగిపోయినాక దిగుతాది, మహారాణి మాదిరి."

ఇప్పటి రైలెక్కి ఒకసారి కన్నమంగళం పోయొద్దామా మామా అంటే తల అడ్డంగా ఊపాడు. "అది పెద్ద బండప్పా. దాంట్లో నాకు తెలిసినోళ్లు ఎవురూ రారు." మళ్లీ తనే అన్నాడు. "చిన్న బండి కన్నమంగళం నుంచి వచ్చేది ఒక్కసారి కూర్చొని చూడాల. అంతే."

ఇంత చిన్న కోరిక ఎవరైనా కోరితే నాబోటి వాడు ఊరుకుంటాడా? తోలి చూపిస్తానని మాటిచ్చేశాను.

పని మొదలుపెట్టాం. అదనంగా కావలసిన పట్టాలు ఆన్‌లైన్లో తెప్పించాను. వాటి కింద ప్లాస్టిక్ స్లీపర్లు చూసి మామ మొహం చిట్లించాడు. మా వీధిలో అగ్గిపెట్టెల కంపెనీకి పోయే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లనడిగి మందు ముంచని పుల్లలు ఒక సంచి తెచ్చి, ప్లాస్టిక్ తీసేసి, ఆ పుల్లలే స్లీపర్లుగా పరిచాం. బిస్కెట్ డబ్బాల రేకు కత్తిరించి మూడు బోగీలు చేశాను. ఇటుక రంగు వెయ్యమన్నాడు, వేశాను. స్టేషన్ బోర్డులు నేను తెలుగులో రాస్తే, "ఇది ఎవురు చదవాల?" అని ఎగతాళి చేశాడు. ఆయనకు తమిళమే చదవడం వచ్చు. పక్కన తమిళంలోనూ రాశాను.

లైను మొత్తం ఆయన జ్ఞాపకంలో ఉంది. అదీ మేస్త్రీ జ్ఞాపకం. ఊళ్ల పేర్లకంటే కల్వర్టులు బాగా గుర్తున్నాయి. ఏ గోడకి ఏ రాయి వాడారో, కంటోన్మెంటు ప్లాట్‌ఫారం మెట్లలో ఏది అరిగిందో చెప్పేవాడు. నేను థర్మాకోల్ పలకలు కోసి పట్టాల కిందికి కట్ట చేద్దామనుకున్నాను. ఆయన ఒక ముక్క తీసి వేళ్లతో నలిపి, పొడి నేలమీద రాల్చి, ఏమీ మాట్లాడకుండా ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడాన్ని నేను అప్పుడే అనుమానించి ఉండాల్సింది.

అంతలో ఆంబూరులో ఒక చెప్పుల ఫ్యాక్టరీ వాళ్లు పిలిస్తే, మోటార్ల పనిమీద రెండు రోజులు అక్కడే ఉండిపోయాను. తిరిగొచ్చి మేడెక్కి చూసేసరికి నా కాళ్లు గుమ్మంలోనే ఆగిపోయాయి. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఇటుక ముక్కలతో, సిమెంటుతో కట్టిన రైలుకట్ట. పైన నున్నటి పూత. అగ్గిపుల్లలన్నీ పచ్చి సిమెంటులో వరసగా కూర్చున్నాయి, వాటిమీద పట్టాలు బిగిసి ఉన్నాయి. కన్నమంగళం ముందర కొండ, కొండలో సొరంగం, అదీ సిమెంటే. ఈ చివర కంటోన్మెంటు ప్లాట్‌ఫారం. దానిమీద నా బొటనవేలంత బెంచీ.

మామ మెట్టుకొకసారి కూర్చుంటూ మేడెక్కాడట. నా భార్య ఇటుకలు అందించిందట. ఇద్దరిమీదా ఒళ్లు మండిపోయింది.

"ఇదేం పని మామా! రేపు ఏదైనా మార్చాలంటే ఎట్లా?"

"ఎందుకప్పా మార్చేది? అట్టముక్కల మీద రైలు పోతాదా యాడైనా?" అన్నాడు ఆయాసపడుతూ. మొహం మాత్రం వెలిగిపోతోంది. ఆ మొహం చూశాక నా కోపం నిలవలేదు.

ఏడు రోజులు నన్ను రైలు ముట్టనివ్వలేదు. సిమెంటు గట్టిపడాలని పొద్దున, సాయంత్రం చెంబుతో నీళ్లు చల్లి తడిపాడు. పట్టాలు తుప్పు పడతాయేమో అని నేను వెనకాలే గుడ్డ పట్టుకుని తుడుస్తూ తిరిగాను. ఆ వారం మా ఇంట్లో ఎవరికి పని ఎక్కువో చెప్పడం కష్టం.

ఎనిమిదో రోజు తీగలు కలిపి స్విచ్ వేశాను. రైలు కంటోన్మెంటు నుంచి కదిలింది. కల్వర్టు దాటింది, ఒంపు తిరిగింది, సొరంగంలో దూరి అవతల తేలి కన్నమంగళంలో నిలిచింది. మామ చప్పట్లు కొట్టాడు. స్విచ్ వెనక్కి తిప్పాను. ఇంజను రెండు జానలు వచ్చి ఆగింది. చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాయి. మళ్లీ తిప్పాను. మళ్లీ అంతే.

కట్ట మీద గోలీ పెట్టి చూస్తే అర్థమైంది. అది తనంతట తానే కన్నమంగళం వైపు దొర్లిపోయింది. ఆ చివర మూలలో వాననీళ్లు పోయే తూము ఉంది. రేకుల గది, వానకు కారుతుంది. మామ చెయ్యి కట్ట కట్టేటప్పుడు తూము వైపు వాటం ఇచ్చేసింది. మేడ అయినా, వాకిలి అయినా, బావి గట్టయినా నీళ్లు నిలవకుండా జారిపోవడానికి మేస్త్రీలు ఇచ్చే వాలు అది. జీవితమంతా వాటం ఇచ్చిన చెయ్యి. రైలుకు అక్కర్లేదని దానికి ఎవరు చెప్పారు?

మామ గోలీ వైపు చాలాసేపు చూశాడు. "నేను అనుకోని ఇయ్యలేదప్పా" అన్నాడు మెల్లగా. "చెయ్యి ఇచ్చేసినాది." తప్పు చేసిన పిల్లాడిలా నా మొహంలోకి చూశాడు. ఆ చూపు నేను భరించలేకపోయాను. ఇదేం పెద్ద విషయం మామా, మోటారు కొంచెం గట్టిది పెడితే సరిపోతుంది అన్నాను.

సరిపోలేదు. ఇంజనులో సీసం ముక్కలు పెట్టి బరువు పెంచాను. తీగ మార్చి మూడుసార్లు చుట్టాను. ఒకసారి పొగ వచ్చింది. బోగీలను పలచటి రేకుతో మళ్లీ చేశాను. పట్టాలు ఆ చివర ఎత్తుదామంటే అవి సిమెంటులో బిగిసిపోయాయి, ఎత్తినా సొరంగం కప్పుకు తగులుతుంది. తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి బోగీలు విప్పేసి ఉత్త ఇంజనుకు కరెంటు ఇచ్చాను. మూలుగుతూ, ఆగుతూ, ఎట్లాగో కంటోన్మెంటుకు చేరింది. నేను గెలిచినట్టే కేక వేశాను.

మామ ఇంజను చూశాడు, దాని వెనక ఖాళీగా ఉన్న పట్టాలు చూశాడు.

"ఇంజను వచ్చినాది, సరి" అన్నాడు. "మీ అత్త యాడప్పా?"

నవ్వుతూనే అన్నాడు. నేనే నవ్వలేకపోయాను.

మరుసటి రోజు సుత్తీ ఉలీ తెమ్మన్నాడు. పైభాగం చెక్కేసి మట్టంగా మళ్లీ పూస్తానన్నాడు. రెండు దెబ్బలు వేశాడు. మూడో దెబ్బకు దగ్గు తెర వచ్చి గోడ పట్టుకున్నాడు. నా భార్య పరుగెత్తుకొచ్చి, "నాయనా, నీకు పుణ్యముంటాది, విడు" అని ఏడ్చింది. నేను ఉలి అందుకున్నాను. నా జీవితంలో పట్టలేదు దాన్ని. ఎంత కొట్టినా రవ్వంత పొడి రాలుతోంది, ఉలి ఎగిరి పడుతోంది, నా వేళ్లు చిట్లాయి. ఆయన గోడకు ఆనుకుని, ఊపిరి అందకపోయినా, నా దెబ్బలు చూస్తున్నాడు.

"పగలదప్పా" అన్నాడు చివరికి. "ఏడు దినాలు నీళ్లు పట్టినా కదా."

ఆ గొంతులో గర్వమే ఉందో బాధే ఉందో నాకు తెలియలేదు. పని తెలిసిన కూలీని పిలిపిస్తే ఒక పూటలో పగలగొట్టేవాడు. పిలవలేదు. ఇక తాపీ పట్టే శక్తి మామకు లేదని వేలూరు ఆసుపత్రి డాక్టరు నాకు విడిగా చెప్పాడు. ఆ కట్ట ఆయన ఆఖరి పని. దాన్ని పగలగొడితే రైలు వస్తుంది, ఉంచితే రాదు. ఏది చేసినా తప్పే. ఏదీ చేయకుండా రోజూ సాయంత్రం మేడెక్కేవాణ్ణి.

ఒక సాయంత్రం ఆయన కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నాడు. బోగీలతో సహా రైలును చేత్తో ఎత్తి కంటోన్మెంటులో పెట్టి, "మామా, వచ్చేసింది చూడు" అన్నాను. కళ్లు తెరవలేదు.

"కండ్లు మూసుకుంటే చెవులు కూడా మూసుకున్నట్టా అప్పా?" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. "ఎత్తుకొచ్చి పెట్టొద్దు. ఆడనే ఉండనీ. అది వచ్చేదాకా నేను కూర్చుంటా కదా. నాకేమన్నా కొత్తనా?"

అప్పటినుంచి రైలును కన్నమంగళంలోనే ఉంచాను. ఆయన ఇవతలి చివర, ఆ బెంచీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నేను కింద చాప మీద. ఒక్కోరోజు "ఈ దినం కూడా లేటే" అనేవాడు.

మామను ఆసుపత్రిలో చేర్చిన నాలుగో రోజు, మార్చుకోవడానికి బట్టలు తేవాలని నేను ఇంటికి వచ్చాను. నా భార్య ఫోన్ చేసి ఆయన చెవి దగ్గర పెట్టింది.

"బండి యాడ ఉండాది అప్పా?"

"కన్నమంగళంలోనే మామా."

"సరి. నేను వచ్చినాక చూసుకుందాం" అన్నాడు.

ఆయన రాలేదు.

మొన్న గట్టిగా వాన పడింది. రేకుల సందుల్లోంచి నీళ్లు ధారగా కారుతుంటే, రైలు పాడైపోతుందని పరుగెత్తాను. కంటోన్మెంటు మీద పడ్డ నీళ్లు కట్ట మీదుగా నెమ్మదిగా జారి, ఒంపు తిరిగి, సొరంగంలో దూరి, కన్నమంగళం దాటి తూములోకి పోతున్నాయి. ఎక్కడా చుక్క నిలవలేదు. బెంచీ చుట్టూ కూడా. అంత చిన్న ప్లాట్‌ఫారానికి కూడా వాటం ఇచ్చాడు మా మామ. చూస్తూ నిలబడ్డాను. ఏడుపు ఆపుకోలేకపోయాను.

"బావా, నీళ్లు నిలిచినాయా?" అని కిందనుంచి నా భార్య అరిచింది.

"లేదు" అన్నాను.

కన్నమంగళంలో తడిసిపోతున్న మూడు బోగీలనూ ఎత్తి తువ్వాలుతో తుడిచాను. చేతిలో పట్టుకుని రెండు చివరల వైపూ చూశాను. కంటోన్మెంటు బెంచీ పక్కన ఆయన కుర్చీ అలాగే ఉంది. బోగీలను మళ్లీ కన్నమంగళంలోనే పెట్టి, కిందికి దిగకుండా, ఆ కుర్చీలో కూర్చున్నాను.