తిరుమంగళం బావ అలక

తిరుప్పూరు బనియన్ల కంపెనీలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో, ఎదుటివాళ్ళు మొదలుపెట్టిన మాటను ముగించే బాధ్యత నాదేనని నమ్మేవాణ్ణి. (ఇంట్లో నా పేరు రేడియో.) కంపెనీవాళ్ళు ఒకరోజు మమ్మల్ని కూర్చోబెట్టి, చెప్పేది చివరిదాకా ఎలా వినాలో క్లాసు తీసుకున్నారు. ఆ క్లాసులోనూ ఎక్కువ మాట్లాడింది నేనే.

సరిగ్గా అప్పుడే మదురైలో మా అన్న కూతురికి చెవులు కుట్టే వేడుక వచ్చింది. పిల్లను మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి కదా! ఆ మేనమామ, అంటే మా వదిన అన్న, తిరుమంగళంలో అలిగి కూర్చున్నాడు. ఫ్లెక్సు బ్యానరులో తన ఫోటో చిన్నదిగా వేశారట. అమ్మ వెళ్ళి బతిమాలింది, అన్న వెళ్ళి వాదించాడు. లాభం లేకపోయింది. "మా అన్న ఒడిలో కాకుంటే నా బిడ్డకు చెవులు కుట్టేదే వద్దు" అని వదిన ఒకటే ఏడుపు. నేను వెళ్తానన్నాను. "నువ్వా! ఉండే సంబంధం కూడా తెగిపోతుందిరా" అంది అమ్మ. దాంతో నాకు పంతం పుట్టింది. ఏమైనా సరే, ఈసారి నోరు విప్పేది లేదని ఒట్టు పెట్టుకుని బస్సెక్కాను.

బావ వాకిట్లోనే అందుకున్నాడు. "ఏమప్పా, ఫోటో చూస్తివా? స్టాంపు మాదిరి ఏసినారే!" ("పెద్దదే కదా బావా" అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన భార్య పెట్టిన మురుకు నోట్లో కుక్కుకున్నాను.) "ఊఁ" అన్నాను. ఫోటో తర్వాత అన్న పెళ్ళిలో తనకు వేయని కుర్చీ, ఆపైన ఆ పెళ్ళి సాంబారులో ఉప్పు. నేను "ఊఁ, ఊఁ". చివరికి పళ్ళెంలో మురుకులూ అయిపోయాయి, బావ కోపాలూ అయిపోయాయి. ఇదే సందని బతిమాలబోయి, పళ్ళు బిగించి ఆగాను.

అప్పుడాయన మోకాలు నిమురుకుంటూ గొంతు తగ్గించాడు. "ఎవురితోనూ చెప్పొద్దప్పా. మోకాళ్ళు పోయినాయి. కింద కూర్చుంటే లేవలేను. అంతమంది ముందర నన్ను ఇద్దరు పట్టి లేపితే నా మర్యాద ఏమి కావాల? నా చెల్లెలి బిడ్డ... నాకు మాత్రం ఆశ లేదా?"

అయ్యో పాపం అనిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కుర్చీ వేయిస్తాను బావా. వీడియోవాడు అడిగాడని చెప్తాను" అన్నాను. నేను మాట్లాడింది అంతే.

వేడుకనాడు బావ కుర్చీలో దర్జాగా కూర్చుని మేనకోడల్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. సూది దిగగానే పిల్లకంటే ముందు ఆయనే ఏడ్చాడు. భోజనాల దగ్గర అందరికీ వినపడేలా, "ఈ తంబి పేచ్చుకే కదప్పా నేను వచ్చింది! ఏమి మాటలు, ఏమి మాటలు!" అన్నాడు. "ఏం చెప్పితివిరా?" అని అమ్మ నిలదీసింది. నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను.

ఆనాటి ఆ గట్టితనం ఇప్పుడు నాలో ఏదీ? ఇన్నేళ్ళు దాచిన మాట మీకు చెప్పేశాను. ఫరవాలేదులెండి, మా బావకు తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు.