రోలు తుడిచిన ముద్ద

గండికోట దారిలో పల్లెటూరి భోజనం అమ్మే ఒక హోటల్ గుమ్మం ముందు రోలు చూశాను. నిండా నీళ్లు, పైన గులాబీ రేకులు. లోపల గోడ మీద 'రోటి ఊరిబిండి' అని రాసి ఉంది; మా వైపు వేరుశనగ పచ్చడి అది. వంటగదిలో మిక్సీ తిరుగుతున్న చప్పుడు అమ్మకూ, అక్కకూ, నాకూ వినిపిస్తూనే ఉంది.

మిక్సీ మీద నాకు కోపం లేదు. మా ఇంటికి అది వచ్చిన రోజు అందరికన్నా ఎక్కువ సంతోషించింది అమ్మే.

అదే అమ్మ ఇప్పుడు వడ్డించిన రాగి సంగటి ముట్టకుండా లేచి, బయటికి వెళ్లి, రోట్లో నీళ్లు చెంబుతో తోడి పారబోసింది. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"అవ్వా, అది అందానికి పెట్టినాం."

"అందానికి నీ ఫోటో పెట్టుకో నాయనా. గోడ మీద ఏం రాసినావో చూడు. ఏంచిన చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు పట్టుకురాపో."

రోలు కడిగి, అలంకారానికి ఆనించిన రోకలి తీసుకుని, అతను తెచ్చినవన్నీ దంచింది.

మీకు గుర్తుందా? ఊరిబిండి తీసేశాక, రోటికి అంటుకున్నదాన్ని అమ్మలు వేడి సంగటి ముద్దతో తుడిచి పెట్టేవాళ్లు. ఆ ముద్ద కోసం అక్కా నేనూ కొట్టుకున్నప్పుడు తగిలిన దెబ్బ మచ్చ అక్క మోచేతి మీద ఇంకా ఉంది.

అమ్మ తన కంచంలోని సంగటి ముద్దతో రోలు తుడిచింది. పక్కనే నిలబడిన మా ఇద్దరినీ దాటి, ముద్ద మేనేజరు చేతిలో పెట్టింది.

"తిను. తిని, గోడ మీద రాత ఉంచాల్నో చెరపాల్నో నువ్వే చెప్పప్పా."

అతను తిన్నాడు. వేళ్లు నాకుతూ గోడ వైపు చూశాడు. యాభై దాటిన అక్క మాత్రం, "మాకేదిమా?" అంది.